తోకచక్రం

1997 నుంచి ఐదేళ్ళపాటు నేను కృష్ణానగర్‌లో ఒక డాబా మీది రేకుల గదిలో అద్దెకున్నాను. సినిమాల్లో మాటలు రాద్దామని వచ్చినవాణ్ణి. ఆ వీధిలో నాలాంటివాళ్ళు ఇంటికి ఇద్దరు చొప్పున ఉండేవాళ్ళు. పొద్దున జూనియర్ ఆర్టిస్టుల బస్సులు, సాయంత్రం ఎవరికి వేషం దొరికింది, ఎవరికి దొరకలేదు అన్న లెక్కలు. రాత్రుళ్ళు డాబా మాది, చాపలు పరుచుకుని పడుకునేవాళ్ళం. తెల్లారాక మాత్రం అది మా ఇంటాయనది.

ఆయన బేగంపేటలో ఒక ఫ్లయింగ్ క్లబ్బులో ముప్ఫై ఏళ్ళకు పైగా మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఏ క్లబ్బో ఇక్కడ అనవసరం. ఏడు గంటలకల్లా చాయ్ గ్లాసుతో పైకొచ్చి పిట్టగోడ మీద మోచేతులు పెట్టుకుని నిలబడేవాడు. జెట్ విమానాలు చెవులు పగిలేలా దిగుతున్నా తలెత్తేవాడు కాదు. చిన్న విమానం చప్పుడు వినిపిస్తే మాత్రం గ్లాసు గోడ మీద పెట్టేసేవాడు. అది అమీర్‌పేట మేడల వెనక్కి దిగి మాయమయ్యేది. ఆయన ఎదురుచూసేవాడు. ఐదారు నిమిషాలకు అదే విమానం మళ్ళీ కనబడితే, అప్పుడు చాయ్ అందుకునేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, “దేనికోసం చూస్తున్నారంకుల్?” అని.

“మల్లొస్తడా రాడా అని చూస్తున్న బిడ్డా,” అన్నాడు.

ఆ మాట నాకర్థం కావడానికి చాలాకాలం పట్టింది. విమానయాన చరిత్ర రాసేవాళ్ళు ఎగరడం గురించి రాస్తారు. మొదట ఎవరెగిరారు, ఎంత ఎత్తుకెగిరారు, ఎక్కడ కూలారు అని. కానీ విమానం నడపడం నేర్చుకునేవాళ్ళ కాలంలో పెద్ద వాటా దిగడం నేర్చుకోవడానికే పోతుంది. ఆ దిగడంలోనూ అసలు పరీక్ష చక్రాలు నేలకు తగిలాక మొదలవుతుంది. అప్పటికి విమానం గాలిలో లేదు, అలాగని పూర్తిగా బండీ కాదు. ఆ పది, పదిహేను సెకన్లలో ముక్కు ఒక పక్కకి తిరగడం మొదలై, పైలట్ దాన్ని సకాలంలో ఆపలేకపోతే, విమానం తన చుట్టూ తాను గిర్రున తిరిగిపోతుంది. దానికి గ్రౌండ్ లూప్ అని పేరు. రెక్క కొస నేలకి గీసుకుంటుంది, చక్రం కాలు విరుగుతుంది, ప్రొపెల్లరు వంగుతుంది. చాలాసార్లు మనిషికి దెబ్బ కూడా తగలదు. అందుకే చరిత్రలోకి ఎక్కదు.

హైదరాబాదుకి ఈ చరిత్రలో సొంత వాటా ఉంది. 1930లలో బాబర్ మీర్జా చొరవతో ఇక్కడ ఏరో క్లబ్ మొదలైంది, దానితోపాటే బేగంపేట విమానాశ్రయం. 1937లో టెర్మినల్ భవనం వచ్చింది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. 1953లో విమాన సంస్థలను జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. వీటి గురించి అడపాదడపా ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. తక్కువగా రాసేది రెండో ప్రపంచయుద్ధ కాలంలో అదే బేగంపేటలో నడిచిన ప్రాథమిక శిక్షణ పాఠశాల గురించి. అంతకు ముందు సైకిల్ తప్ప మరో బండి నడపని కుర్రాళ్ళని కూడా తెచ్చి, టైగర్ మాత్‌లో కూర్చోబెట్టి పైలట్లని చేసిన చోటు అది.

టైగర్ మాత్ 1931 నాటి బ్రిటిష్ విమానం. రెండు వరసల గుడ్డ రెక్కలు, ఒకరి వెనక ఒకరు కూర్చునే రెండు సీట్లు. దానికి బ్రేకులు లేవు. వెనక చక్రం కూడా లేదు, తోక కింద నేలను గీరుకుంటూ వచ్చే ఒక కొయ్య మాత్రమే ఉండేది. గడ్డి మైదానంలో ఆ కొయ్యే నాగలి కర్రులాగా నేలలో దిగబడి, తోకను వెనకే ఉంచేది. బ్రేకూ అదే, లంగరూ అదే. గట్టి రోడ్డు మీద దిగితే అదే కొయ్య జారేది. మైదానం గుండ్రంగానో చదరంగానో ఉన్నంతకాలం పైలట్ గాలి ఎటునుంచి వస్తే అటుకేసి దిగేవాడు. పొడుగాటి రన్‌వేలు వచ్చాక ఆ వీలు పోయింది. గాలి ఎటున్నా దిగాల్సిన దారి ఒక్కటే అయింది.

బేగంపేట రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. దిక్సూచి అంకెలనుబట్టి ఒక కొసకి 09, రెండో కొసకి 27 అని పేరు. హైదరాబాదులో వానాకాలం గాలి పడమటి నుంచి, నైరుతి నుంచి వీస్తుంది. గాలి రన్‌వేకి ముప్ఫై డిగ్రీల వారగా వస్తోందనుకోండి, దాని బలంలో సరిగ్గా సగం పక్కనుంచి తోస్తుంది. ఇరవై నాట్ల గాలికి పది నాట్ల పక్కతోపు. పెద్ద జెట్‌కి అది లెక్కలోకి రాదు. నిండుగా ఎక్కినా ఆరొందల కిలోలు దాటి పెద్దగా తూగని శిక్షణ విమానానికి చాలా లెక్క.

అసలు విమానం ఎందుకు గిర్రున తిరుగుతుంది? ఇంటాయన నాకు దీన్ని రిక్షాతో చెప్పాడు. రిక్షాను ముందుకి లాగితే బుద్ధిగా వస్తుంది. వెనక్కి తోసి చూడు, రెండడుగులు పోగానే హ్యాండిల్ అడ్డం తిరుగుతుంది. ట్రాక్టరు ట్రాలీని రివర్స్ చేయడం చూసినవాళ్ళకి ఇంకా బాగా తెలుస్తుంది. బరువు వెనకనుంచి నెడుతుంటే ముందున్నది తిన్నగా ఉండదు, కాస్త వంగితే చాలు, ఆ వంపు పెరుగుతూ పోతుంది. తోకచక్రం విమానంలో రెండు పెద్ద చక్రాలు ముందు ఉంటాయి, బరువు కేంద్రం వాటికి వెనక ఉంటుంది. ముక్కు ఎడమకి కాస్త తిరిగిందంటే, వెనకున్న బరువు పాత దారిలోనే పోవాలని చూస్తుంది. అలా పోతూ ముక్కుని ఇంకా ఎడమకి తిప్పుతుంది. తప్పు తనను తానే పెంచుకుంటుంది.

దాన్ని ఆపడానికి పైలట్ కాళ్ళ కింద రడ్డర్ ఉంది. కానీ రడ్డర్ పనిచేసేది గాలివల్ల. వేగం సగమైతే దాని బలం పావువంతుకి పడిపోతుంది. అంటే విమానం నెమ్మదించే కొద్దీ, ఇక భయం లేదు అనుకునే సమయానికి, చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆధారం సన్నగిల్లుతుంది. అందుకే దిగాక కూడా విమానం పూర్తిగా ఆగేదాకా కాళ్ళు ఆడుతూనే ఉండాలని నేర్పుతారు. ఒకేసారి గట్టిగా తొక్కకూడదు. చిన్న చిన్నగా, ముందే, తొక్కి వదలాలి. పక్కకి పోతోందని కళ్ళకి తెలిసేటప్పటికే ఆలస్యమైపోతుంది, కూర్చున్న చోట నడుముకి తెలియాలి. చూపు దగ్గర నేలమీద కాదు, రన్‌వే చివర ఉండాలి. ఇదంతా పుస్తకంలో అరపేజీ. కాళ్ళకి ఎక్కడానికి వందల దిగుళ్ళు కావాలి. శిష్యుడు పైకి లేవడం, ఎడమకి తిరగడం, రన్‌వేకి సమాంతరంగా వెనక్కి రావడం, మళ్ళీ తిరిగి దిగడం, చక్రాలు తగలగానే పవర్ పెంచి మళ్ళీ లేవడం. పడమటికి లేచి ఎడమకి తిరిగితే దక్షిణం. మా డాబా మీదికి వచ్చే చిన్న విమానాలు అవే.

స్వాతంత్ర్యం వచ్చాక మన దేశం సొంత శిక్షణ విమానాలు చేసుకుంది. బెంగళూరు హెచ్.ఎ.ఎల్.లో వి.ఎం. ఘాటగే బృందం రూపొందించిన హెచ్.టి-2 1951లో ఎగిరింది. క్లబ్బుల కోసం పుష్పక్ వచ్చింది, 1958లో తొలిసారి ఎగిరింది. అమెరికన్ ఏరోంకా చీఫ్ నమూనా మీద కట్టిన, గుడ్డ తొడిగిన చిన్న విమానం. తొంభై గుర్రాల ఇంజను, పక్కపక్కన రెండు సీట్లు. రెండింటికీ తోకచక్రమే. టైగర్ మాత్ నుంచి పుష్పక్‌కి మారినవాళ్ళకి ఇంకో తమాషా ఎదురయ్యేదట. ఆ ఇంజను ప్రొపెల్లరుని ఒక వైపు తిప్పితే ఈ ఇంజను రెండో వైపు తిప్పుతుంది. పవర్ పెంచగానే టైగర్ మాత్ కుడికి లాగేది, పుష్పక్ ఎడమకి లాగేది. అలవాటు పడ్డ కాలు తప్పు కాలు అయ్యేది. “పాత సార్లకే తిప్పలయ్యేది, పోరగాండ్ల సంగతి ఏం జెప్పాలె,” అనేవాడు ఇంటాయన.

ఆయన నాకు ఆ కుర్రాడి సంగతి చెప్పింది చివరి ఏడాదిలో. వర్షం వెలిసిన ఒక సాయంత్రం, అడక్కుండానే మొదలుపెట్టాడు. 1970ల మొదట్లో మాట. ఆషాఢమాసం, గాలి పడమరకి కాస్త దక్షిణంగా ఉంది. ఒక విద్యార్థి ఒంటరిగా దిగుళ్ళు సాధన చేస్తున్నాడు. రెండు బాగా వచ్చాయి. మూడోసారి మూడు చక్రాలూ ఒకేసారి ఆనించాడు, చూసినవాళ్ళు శభాష్ అనుకునేలా. విమానం సగం వేగానికి వచ్చాక ముక్కు మెల్లగా ఎడమకి తిరిగింది, గాలికేసి. కుర్రాడు కుడి రడ్డర్ తొక్కాడు. రడ్డర్ తిరగడం హేంగర్ దగ్గర నుంచే కనబడిందట. విమానం మాత్రం మాట వినలేదు. గిర్రున ఎడమకి తిరిగి కుడి రెక్క మీద కూలబడింది. కుడి కాలు విరిగింది. మనిషి కాలు కాదు, విమానం కాలు. కుర్రాడు తలుపు తీసుకుని దిగి, రెక్క దగ్గర నిలబడి దాన్ని చేత్తో తడిమాడు.

కాగితం మీద రాసింది ఒక్క వాక్యం. దిగేటప్పుడు విద్యార్థి దిశ మీద అదుపు కోల్పోయాడు. కారణం అన్న గడిలో అనుభవలేమి.

పుష్పక్‌లో రడ్డరుకీ తోకచక్రానికీ మధ్య రెండు స్ప్రింగులుంటాయి, కుడికొకటి, ఎడమకొకటి. గాలి చాలని వేగంలో రడ్డరు చేయలేని పని ఆ స్ప్రింగుల ద్వారా తోకచక్రం చేస్తుంది. విమానాన్ని లేపి హేంగర్‌లోకి తెచ్చినప్పుడు ఇంటాయన తోక కిందికి వంగి చూశాడు. కుడి స్ప్రింగు సాగిపోయి వేలాడుతోంది.

“అది తిరిగేటప్పుడు సాగిందా, అంతకు ముందే సాగి ఉందా, ఎవ్వలకు తెలుస్తది? నాకైతే తెలుసు. పొద్దుగాల తనిఖీ చేసింది నేనే. కొంచెం లూజున్నది. ఇయ్యాల్టికి నడుస్తది, రేపు మారుస్త అనుకున్న. సంతకం పెట్టిన.”

ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. కారణం అన్న గడి అప్పటికే నిండిపోయింది కాబట్టి అడిగే అవసరం రాలేదు. కుర్రాడిని ఎవరూ తీసేయలేదు. మళ్ళీ ఎగరమనే అన్నారు. నెల తిరక్కుండా తనే మానేశాడు. “భయపడి కాదు బిడ్డా. తన కాళ్ళ మీద తనకే నమ్మకం పోయింది. నేనొక్క మాట జెప్తే ఆగునేమో,” అన్నాడాయన.

ఆ కుర్రాడికి నిజంగా అనుభవం తక్కువే. అనుభవజ్ఞుడు ఇంకో క్షణం ముందే కాలు ఆడించి ఉండేవాడేమో, స్ప్రింగు లేకపోయినా బ్రేకుతో నిలబెట్టేవాడేమో. కాగితం అబద్ధం చెప్పలేదు. ఉన్న నాలుగైదు కారణాల్లో ఎదురు చెప్పలేని మనిషి మీద పడే కారణాన్ని ఎంచుకుంది.

నేను ఆ తర్వాత ఈ విషయం గురించి దొరికిందల్లా చదువుతూ పోయాను. చదివిన కొద్దీ ఒక సంగతి తేలింది. నాలుగు దశాబ్దాలపాటు ప్రపంచమంతా విద్యార్థుల తప్పుగా రాసుకున్నదాన్ని, ఒక చక్రం జరిపి చాలావరకు మాయం చేయగలిగారు.

అలా జరపవచ్చని తొలినాళ్ళలోనే తెలుసు. 1910 ప్రాంతాల గ్లెన్ కర్టిస్ విమానాలకి ముందొకటి, వెనక రెండు చక్రాలుండేవి, మన ఆటోలాగ. తర్వాత ఎగుడుదిగుడు మైదానాలకూ, నేలకి అందకుండా ఎత్తులో ఉండాల్సిన ప్రొపెల్లర్లకూ తోక మీద వాలే పద్ధతే అనువని స్థిరపడింది. అది అనువు కోసం చేసుకున్న ఏర్పాటన్న సంగతి మరిచిపోయి, విమానమంటేనే అలా ఉంటుందని, దాన్ని లొంగదీసుకోలేనివాడు పైలట్ కాడని అనుకోవడం మొదలైంది. 1934లో ఫ్రెడ్ వీక్ అనే అమెరికన్ ఇంజనీరు, తన సహోద్యోగులతో కలిసి సొంత సమయంలో డబ్ల్యూ-1 అనే చిన్న విమానం కట్టి, దానికి ముక్కుచక్రం పెట్టాడు. బరువు కేంద్రం ఇప్పుడు పెద్ద చక్రాలకి ముందుకొచ్చింది. ముక్కు పక్కకి తిరిగితే, అదే బరువు దాన్ని మళ్ళీ తిన్నగా లాగుతుంది. రిక్షాను ముందుకి లాగడమన్నమాట. తప్పు తనను తానే దిద్దుకుంటుంది. వీక్ రూపొందించిన ఎర్‌కూప్ 1937లో ఎగిరింది. అందులో రడ్డర్ తొక్కుళ్ళే లేవు. అది పైలట్ల విమానం కాదని చాలామంది పైలట్లు వెక్కిరించారు. 1956లో సెస్నా తన తోకచక్రం 170ని మార్చి, ముక్కుచక్రంతో 172 అమ్మకానికి తెచ్చాక వెక్కిరింతలు తగ్గాయి. తర్వాత ఫ్లయింగ్ స్కూళ్ళన్నీ మెల్లగా ఆ దారి పట్టాయి. మా డాబా మీద ఇంటాయన లెక్కపెట్టినవి ఎక్కువగా సెస్నాలే.

చక్రం కథకి తోడు ఒక మీట కథ కూడా ఉంది. 1943లో అమెరికా వాయుసేనలో అల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వవేత్తకి ఒక చిక్కు ముడి అప్పజెప్పారు. బి-17 బాంబర్ పైలట్లు క్షేమంగా దిగాక, రెక్కల ఫ్లాపులు ముడవబోయి, చక్రాలు ముడిచేస్తున్నారు. విమానం పొట్ట మీద కూలబడుతోంది. పైలట్ తప్పు అని రాస్తున్నారు. చపానిస్ గమనించింది ఏమిటంటే, ఈ తప్పు సి-47 పైలట్లు చేయడం లేదు. బి-17లో ఆ రెండు మీటలూ పక్కపక్కన, ఒకేలా ఉన్నాయి. సి-47లో అలా లేవు. చక్రాల మీటకి చిన్న రబ్బరు చక్రం, ఫ్లాపుల మీటకి రెక్క ఆకారం బిళ్ళ తగిలించాడు. తప్పు ఆగిపోయింది. ఆ సి-47 ఎవరో కాదు, మన డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపిన డీసీ-3కి సైనిక రూపమే. దానికీ తోకచక్రమే ఉండేది. కానీ దిగేటప్పుడు ఆ చక్రం పక్కలకి తిరక్కుండా బిగించే లాక్ ఉండేది. అనుభవం ఉన్న పైలట్లకి లాక్ ఇచ్చారు, అనుభవం లేనివాళ్ళకి స్ప్రింగులిచ్చారు. ఇది కొంత అన్యాయమైన పోలికే, బరువూ ఖర్చూ వేరు. అయినా నాకది గుర్తుండిపోయింది.

ముక్కుచక్రం వచ్చింది కదా, అంతా సుఖాంతమా అంటే, కాదు. ఇవాళ్టికీ శిక్షణ విమానాల ప్రమాదాల్లో దిగేటప్పుడు జరిగేవే ఎక్కువ, వాటిలో దారి తప్పి రన్‌వే పక్కకి దూసుకుపోవడం మామూలు. వేగం మీద వచ్చి ముక్కుచక్రాన్ని ముందు ఆనిస్తే, ఆ ఒక్క చక్రమే ఇరుసై విమానం దాని చుట్టూ తిరుగుతుంది. దిగి వెంటనే లేచే సాధనలో, కంగారుగా ఒకేసారి పవర్ అంతా ఇస్తే ముక్కు ఎడమకి పోతుంది, దాన్ని దిద్దబోయి కుడి బ్రేకు నొక్కేస్తారు. తోకచక్రం రోజుల్లో కాళ్ళు పనిచేయకపోతే మొదటిరోజే తెలిసిపోయేది. ముక్కుచక్రం ఆ లోపాన్ని నెలల తరబడి క్షమిస్తుంది, పక్కగాలి గట్టిగా వీచిన రోజు ఒక్కసారిగా వసూలు చేస్తుంది. అందుకే పాతకాలపు గురువులు తోకచక్రాన్ని తిడుతూనే, కాళ్ళు నేర్పింది అదేనని తలుచుకుంటారు. ఇందులో నిజముంది. కాకపోతే ఆ బడిలో ఎంతమంది తమ తప్పు కాని తప్పుకి చదువు మానేశారో ఆ తలపోతల్లో కనబడదు.

1951లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాదాల దర్యాప్తుకి ఒక నియమావళి తెచ్చింది. దాన్ని అనుబంధం 13 అంటారు. దర్యాప్తు లక్ష్యం మళ్ళీ అలాంటిది జరగకుండా చూడడమే తప్ప, నింద ఎవరిదో తేల్చడం కాదని అది చెబుతుంది. మన దేశంలో ప్రమాదాల దర్యాప్తుకి విడిగా ఒక సంస్థ 2012లో వచ్చింది. ఇప్పటి నివేదికల్లో గాలి, రన్‌వే, యంత్రం, శిక్షణ, గురువు, విద్యార్థి, అన్నింటికీ పేజీలుంటాయి. ఎవరూ చనిపోని చిన్న గ్రౌండ్ లూప్‌కి కూడా పేజీలు దక్కుతున్నాయి. నేను వాటిని చదివేటప్పుడు మొదట వెతికేది తనిఖీ చేసిన మనిషి చెప్పిన మాట ఉందా అని.

2002లో నేను గది ఖాళీ చేశాను. మాటలు రాయడం కుదర్లేదు. కృష్ణానగర్‌లో కుదరనివాళ్ళందరికీ కూడా ఒకే వాక్యం రాస్తారు, నాకూ అదే రాసుకున్నాను, ప్రతిభ చాల్లేదని. అది అబద్ధం కాదు.

2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది, బేగంపేటకి పెద్ద విమానాలు రావడం ఆగిపోయింది. ఆ వేసవిలో ఒక పొద్దున ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. డెబ్భై దాటాయి, మెట్లెక్కడం కష్టమైంది, అయినా డాబా మీదే కూర్చోబెట్టాడు. ఎదురుగా ఇంకో రెండంతస్తులు లేచాయి, ఉత్తరం వైపు ఆకాశం సగం మూసుకుపోయింది. జెట్‌ల మోత లేదు. శిక్షణ విమానాలు మాత్రం ఇంకా ఎగురుతున్నాయి. ఇప్పుడు వాటి చప్పుడు ఇంకా స్పష్టంగా వినబడుతోంది.

ఒకటి మా తలల మీదుగా వెళ్ళి కొత్త మేడ వెనక దిగిపోయింది. ఆయన గ్లాసు కింద పెట్టాడు. నేనూ పెట్టాను. ఆ కుర్రాడి గురించి అడుగుదామా అనుకున్నాను, ఎప్పుడైనా వెతికారా అని. అడగకముందే ఆయనే అన్నాడు, “అడ్రసు సంపాదించిన. ఉత్తరం రాసిన. జవాబు రాలే.”

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఇంజను చప్పుడు దూరంగా పెరగడం మొదలైంది.

“వస్తుండు,” అన్నాడాయన, గ్లాసు అందుకుంటూ.